తుడిచేసిన మసిబొట్టు

అది అసురసంధ్య! ఆల్తాయ్ శిఖరాల మీద ఉరుములు దొర్లుతున్నాయి... ఎక్కడో గుడ్లగూబ కూసింది. వారం సెలవుకని రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి వచ్చిన ఓయున్, నిర్మానుష్యమైన ఆ సరస్సు ఒడ్డున, ఉన్ని గుడారంలో ఏడు నెలల కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భర్త పెట్రోలు కోసం వెళ్ళాడు. తోడుగా ఉన్నది అత్తగారు దుల్మా ఒక్కతే.

"పిల్లాడి నుదుటి మసి ఏదే?"

"ఫొటో కోసం తుడిచేశాను అత్తయ్యా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మసి ఉంటేనే దయ్యం కళ్ళకి వీడు కుందేలు పిల్ల. లేకపోతే మనిషి పిల్లే!"

ఓయున్ నవ్వేసింది. అంతలో తలుపు తెరుచుకుంది! ఎవరో ముసలివాడు!

ఎవరొచ్చినా "కుక్కల్ని పట్టుకోండి" అని దూరం నుంచే కేకెయ్యాలి. ఈ ముసలివాడు వెయ్యలేదు. కుక్కలూ మొరగలేదు... గడప తొక్కి మరీ లోపలికొచ్చి, పొయ్యిలో తుపుక్కున ఉమ్మి, గిన్నె చాపాడు.

"టీ పొయ్యి."

అది గిన్నె కాదు... పసిబిడ్డ కపాలం! అతిథికి లేదనకూడదు. ఓయున్ టీ పోసింది. వాడు గటగటా తాగేశాడు.

"దీనికి జత కావాలి. నీ ఒళ్ళోనే ఉంది!"

వాడి పెదవుల మీద క్షుద్రమంత్రం బుసలు కొట్టింది. కపాలంలోంచి కరాళమైన నల్లని ఛాయ లేచింది!

"మసి! పిలిస్తే వచ్చిన దయ్యం ఉత్తచేతులతో పోదే! మసి పుయ్యి!" అని అరిచింది దుల్మా.

ఓయున్ పొయ్యి మీద కాగుతున్న టీ బాన అడుగున చెయ్యి పెట్టింది. అరచెయ్యి చుర్రున కాలింది. అయినా బిడ్డ నుదుట పూసింది, అత్తకు పూసింది, తానూ పూసుకుంది.

ఛాయ బిడ్డ మీదికి వంగి వాసన చూసింది... కుందేలు. దుల్మా... కుందేలు. ఓయున్... కుందేలు. మెల్లగా వెనక్కి తిరిగింది. ఆ గుడారంలో మసి లేని మొహం ఒక్కటే!

"నేను నీ యజమానిని!" అని కేకపెడుతూ ముసలివాడు మసి కోసం పొయ్యి మీదికి ఉరికాడు. తన మీద ఉమ్మినవాణ్ణి అగ్ని మరిచిపోలేదు. భగ్గున లేచి వాడి చేతులను తోసేసింది. ఆ తర్వాత వినిపించినవి కేకలే...

అవి ఆగాక చూస్తే, నేల మీద చిన్న కపాలం పక్కన పెద్ద కపాలం ఉంది. జత కుదిరింది.

బయట కుక్కలు మొరిగాయి.

"కుక్కల్ని పట్టుకోండర్రా!" అన్నాడు భర్త గన్‌జోరిగ్.

ఓయున్ పరుగున వెళ్ళి, కాలిన చేత్తోనే అతడి నుదుట మసి రాసింది.

"ఏంటే ఇది?"

"కదలకు," అంది ఏడుస్తూ.