కాలువ గట్టు గేటు

"ఈ గేటు మూసిందెవరు?"

పాదయాత్రకొచ్చిన పాతికమందీ ఒక్కసారిగా తమ బూట్ల వంక చూసుకున్నారు. ముందున్న హెస్టర్ మాత్రం ఎర్ర టోపీ సర్దుకుని చెయ్యెత్తింది.

"నేనే. తెరిచి వదిలేస్తే మీ గొర్రెలు పారిపోవూ?"

గేటవతల పొలంలో నిలబడ్డ ఐవర్ తల పట్టుకున్నాడు.

"అమ్మా తల్లీ! తెరిచిపెట్టింది నేనే. తల్లులు ఇటు, పిల్లలు అటు కాలువ గట్టున ఉన్నాయి. గేటు ఎలా ఉంటే అలా వదిలేసి పోవాలి. ఇంతమందిని వెంటేసుకొచ్చారు, ఆమాత్రం తెలీదా?"

హెస్టర్ మొహం టోపీ రంగుకొచ్చింది. ష్రాప్‌షైర్ పల్లెల మీదుగా సాగే ఈ వసంతకాలపు నడకకు ఈ ఏడు తానే ముందుంటానని పట్టుబట్టి మరీ వచ్చింది. అసలు కారణం ఈ ఐవరే. పోయినేడు ఇక్కడే కంచె దాటుతూ జారిపడితే చెయ్యందించి లేపాడు, పేరైనా అడక్కుండా గొర్రెల వెంట పోయాడు. ఈసారి అతనితో మనసు విప్పి మాట్లాడకుండా తిరుగు బస్సెక్కేది లేదని బర్మింగ్‌హామ్‌లో బయల్దేరినప్పుడే తీర్మానించుకుంది. తీరా మొదటి మాటకే తిట్లు తింది.

ఇంతలో కాలువలో దబ్బుమని చప్పుడైంది. తల్లి అరుపు విని తోవ వెతుక్కుంటున్న గొర్రెపిల్ల ఒకటి గట్టు మీంచి జారింది.

ఐవర్ గేటు తీసేలోపే హెస్టర్ నీళ్ళలో ఉంది. నడుం లోతే గానీ అడుగున బురద కాళ్ళు పట్టేసింది. ఐవర్ ముందు గొర్రెపిల్లను అందుకుని, తర్వాత ఆమెను పైకి లాగాడు.

"మిమ్మల్నెవరు దూకమన్నారండీ?"

"గేటు మూసింది నేను. దూకాల్సిందీ నేనే."

అతనికి నవ్వాగలేదు.

మిగతావాళ్ళు పక్క ఊరి పబ్‌లో ఎదురుచూస్తామని ముందుకు సాగారు. హెస్టర్ ఐవర్ ఇంటి వంటగదిలో అతని స్వెటర్ వేసుకుని, పొడుగు చేతులు పైకి మడుచుకుని టీ తాగుతోంది. పొయ్యి దగ్గర ఆరేసిన టోపీని అతని నాన్నమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒరేయ్ ఐవర్! పోయినేడు నువ్వు చెప్పిన ఎర్ర టోపీ పిల్ల ఈ పిల్లేనట్రా?"

"నాన్నమ్మా, నీ కేకు మాడుతోంది."

"మాడితే మాడనీ. ఏమ్మా, కంచె దగ్గర మెట్టు చూశావా? నువ్వు మళ్ళీ జారతావేమోనని కొత్త చెక్క వేశాడు. గొర్రెలకు మెట్టెందుకురా అంటే నోరు విప్పడు."

పొద్దున ఆ మెట్టు మీదే దర్జాగా కాలు పెట్టి వచ్చింది హెస్టర్.

ఐవర్ గోడ గడియారం వంక చూస్తూ, "మీ బస్సు టైమవుతోందేమో," అని గొణిగాడు.

"పోతే పోనీండి. నేనొచ్చింది నడక కోసం కాదు, మీ కోసం."

నాన్నమ్మ అప్పుడు గానీ కేకు వైపు తిరగలేదు. ఐవర్ కుర్చీ లాక్కుని హెస్టర్ ఎదురుగా కూర్చున్నాడు.

"ఇందాక గేటు గురించి ఒక మాటన్నాను."

"ఎలా ఉంటే అలా వదిలేసి పోవాలని. మర్చిపోన్లెండి."

"అది గేటుకే. నన్ను మాత్రం అలా వదిలేసి పోకు."

నాన్నమ్మ వెనక్కి తిరక్కుండానే రాత్రి భోజనానికి మూడో ప్లేటు తీసింది.