నాలుగు డిగ్రీల ఇంటర్వ్యూ

"మొన్న ఇంటర్వ్యూకి పంపిన మనవాడు లిఫ్ట్ గోతిలో శవమై దొరికాడు," అన్నాడు పెద్దాయన, ఫైలు మీంచి తలెత్తకుండానే. "ఈసారి నువ్వెళ్ళు."

ముంగిస అనే పేరు ఆమెకి పెట్టింది ఆయనే. పాము పొడవెంతని ఆమె ఏనాడూ అడగలేదు.

"కవర్?"

"సెల్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ అభ్యర్థివి. విదేశీ సంస్థ, ఫుల్ ఫెలోషిప్. పిల్లలు ఎగబడుతున్నారు. అదే ఎర. ప్రాక్టికల్ టెస్ట్ పేరుతో, తాము పెంచిన కణాలు ఒక వయల్, అంటే ఓ చిన్న సీసాడు, తెమ్మంటారు. రేపు వ్యాక్సిన్ ల్యాబ్ పిల్ల వస్తోంది. మన విషజ్వరం మందు తయారయ్యేది ఆమె పెంచే కణాల్లోనే. అవి చేజిక్కితే, ఆ మందుకి లొంగని జ్వరాన్ని వాళ్ళు తయారుచేస్తారు."

"ఆమెకి తెలుసా?"

"తెలీదు. వయల్ చేతులు మారేదాకా ఎవర్నీ ముట్టుకోకు. మారాక ఎంబసీ కారెక్కనివ్వకు. ఎక్కితే సోదా చేసే హక్కు మనకి లేదు. లోపల సిల్క్ ఉంది. రెండేళ్ళుగా మన మనిషి."

మర్నాడు పదకొండు గంటలకి, సోడాబుడ్డి కళ్ళద్దాలతో, మైక్రోస్కోప్ మీద వంగి వంగి గూని వచ్చినట్టున్న భుజాలతో ముంగిస వెయిటింగ్ హాల్లో కూర్చుంది. పక్క కుర్చీలో ల్యాబ్ పిల్ల ఒళ్ళో థర్మోకోల్ పెట్టె.

"ఒక్కటే సీటు," అంది ఆ పిల్ల. "ఏమనుకోకండి అక్కా, మీకు రాకూడదనే కోరుకుంటున్నాను."

"నేనూ అదే కోరుకుంటున్నాను," అంది ముంగిస.

ముందు ఆమెనే పిలిచారు. ఎదురుగా గడ్డం ప్రొఫెసర్. కూర్చోమని కూడా అనలేదు.

"కణాలు చచ్చాయని ఎలా తెలుస్తుంది?"

"నీలం రంగు వేస్తే చచ్చినవి పీల్చుకుంటాయి. బతికినవి పీల్చుకోవు."

"మనుషులైతే?"

"అది నా సబ్జెక్ట్ కాదు సార్."

ఆయన నవ్వలేదు. "వెళ్ళొచ్చు."

బయట నడవాలో పట్టుచీర, ఎర్రటి గోళ్ళు, గది నిండా పరచుకునే సెంటు. సిల్క్.

"ఇక్కడ ఏసీ ఎక్కువ," అంది ముంగిస.

"కణాలకి చలే మంచిది." కోడ్ సరిపోయింది. సిల్క్ గొంతు తగ్గించింది. "వయల్ కోల్డ్ రూమ్‌లో పెడతారు. పద, చూపిస్తాను."

ముంగిస లోపల అడుగు పెట్టగానే వెనకాల తలుపు పడింది. లోపలివైపు హ్యాండిల్ ఎవరో ముందే విప్పేశారు.

"మొన్నటివాడు కూడా నన్ను నమ్మాడు," అంది సిల్క్ తలుపు అద్దం అవతల నుంచి, పెదాలు స్పష్టంగా కదుపుతూ. తర్వాత హీల్స్ చప్పుడు దూరమైంది.

నాలుగు డిగ్రీలు. ఫోన్ పనిచెయ్యదు. ముంగిసకి తనమీద తనకే ఒళ్ళు మండింది. అరిచి గోల చేస్తే వచ్చేది వాళ్ళ మనుషులే. గోడకి వేలాడుతూ గది ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ కనిపించింది. దాన్ని నోట్లో పెట్టుకుని పెదాలు బిగించింది. దాని మీటర్లో అంకెలు పైకి పాకాయి. పది. పదిహేడు. ఇరవై ఆరు. గది వేడెక్కిపోయిందనుకుని బయట అలారం గీపెట్టింది.

తాళంచెవుల గుత్తితో ల్యాబ్ టెక్నీషియన్ తలుపు తీసుకుని ఊడిపడ్డాడు. "ఎవరమ్మా నువ్వు? ఇందులో ఎన్నేళ్ళ శాంపిల్స్ ఉన్నాయో తెలుసా నీకు?"

"క్షమించండి బాబాయ్," అంటూనే బయట అతని టేబుల్ మీద కుతకుతలాడుతున్న ఎలక్ట్రిక్ కెటిల్ లాక్కుని మెట్లవైపు పరిగెత్తింది.

పోర్టికోలో ఎంబసీ నల్లకారు. ప్రొఫెసర్ వెనక సీట్లో ఉన్నాడు. సిల్క్ థర్మోకోల్ పెట్టెని లోపలికి అందిస్తోంది. ఆయన చేతులు చాచాడు.

ముంగిస పెట్టె మూత ఊడబీకి, పొడిమంచులో చెయ్యి దూర్చింది. వేళ్ళు కాలినంత చలి. వయల్ దొరికింది. పిస్తోలు గొట్టం ఆమె పక్కటెముకలకి ఆనింది.

"ఇటివ్వు," అంది సిల్క్.

"కావాలంటే నువ్వే తీసుకో." వయల్‌ని పొగలు కక్కుతున్న కెటిల్లో పడేసి మూత నొక్కింది.

ఒక్క క్షణం సిల్క్ కళ్ళు కెటిల్ వైపు తిరిగాయి. ముంగిస మోచెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. పిస్తోలు రాళ్ళమీద దొర్లింది. తోటమాలి వేషంలో ఉన్న పెద్దాయన మనుషులిద్దరు సిల్క్ రెక్కలు విరిచి పట్టుకున్నారు. నల్లకారు తలుపు వేసుకుని, ఉత్త చేతులతో గేటు దాటిపోయింది.

ల్యాబ్ పిల్ల మెట్లమీద కూలబడి ఏడుస్తోంది. "మూడేళ్ళు కంటికి రెప్పలా పెంచాను. టీ కాచినట్టు కాచేశావు కదక్కా."

పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "కేసు నీమీద ఉండదమ్మా. నువ్వు సాక్షివి."

"కేసు కాదు సార్. ఒక వయల్ తగ్గిందని మా ల్యాబ్ గైడ్ అడిగితే ఏం చెప్పాలి?"

పెద్దాయన ఆమె పక్కనే మెట్టుమీద కూర్చున్నాడు. "విదేశీ గూఢచారులైతే మేం చూసుకుంటాం. గైడ్‌ని మాత్రం నువ్వే చూసుకోవాలి తల్లీ."