ఖారోస్ అడిగిన ప్రశ్న

కాఫీ సగం తాగేసరికి ఫేడోన్‌కి కాళ్ళు చచ్చుబడిపోయాయి.

ఉదయం ఎనిమిదిన్నర. థెస్సలోనికీ సముద్రపు గట్టు మీద జనం కుక్కల్ని తిప్పుకుంటూ, నువ్వుల కులూరీ రొట్టెలు కొరుక్కుంటూ ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. బెంచీ మీద ఒక లావుపాటి మనిషి మెల్లగా పక్కకి ఒరిగిపోతే, రాత్రి తాగింది ఇంకా దిగలేదు కాబోలు అనుకున్నారు. ఫేడోన్ చేతులు మాత్రం ఇంకా మాట వింటున్నాయి. ఫోన్ తీసి, ఆ ఊళ్ళోనే ఉన్న ఒక నంబరుకి రెండు ముక్కలు పంపాడు. 'పడవలో పదకొండు మంది. మధ్యాహ్నం పన్నెండు.' తర్వాత చేతులూ ఆగిపోయాయి.

తొమ్మిదింపావుకి ఆ రెండు ముక్కలు ఆర్గిరిస్ ముందున్న బల్ల మీదికి వచ్చాయి.

ఆర్గిరిస్‌కి నలభై నాలుగేళ్ళు. గూఢచారి శాఖలో పాత కాగితాల విభాగం అతనిది. ఒకప్పుడు ఫీల్డ్ ఏజెంటే. ఆరేళ్ళ కిందట ఒక మిషన్ నుంచి తిరిగొచ్చి, నా వల్ల కాదు, నన్ను ఎలుకల మధ్య పడేయండని తనే దరఖాస్తు పెట్టుకున్నాడు. పిరికివాడని శాఖంతటికీ తెలుసు. అతనికీ తెలుసు. అలాంటివాణ్ణి పోలిక్సేనీ మేడమ్ బట్టల కొట్టు మేడమీదున్న తన గదికి పిలిచిందంటే, వేరే మనిషి దొరకలేదన్నమాట.

పోలిక్సేనీకి అరవై రెండేళ్ళు. ఉత్తరపు శాఖకి ఆవిడే అధిపతి. సంగతి నాలుగు మాటల్లో తేల్చేసింది. ఖారోస్ అంటే చనిపోయినవాళ్ళని నది దాటించి యమలోకానికి చేర్చే పడవవాడు. వాడి పేరుతో ఈ ఊరి కంపెనీ ఒకటి వీడియో గేమ్ చేసింది, అది లోకమంతా ఆడింది. రెండో భాగం ఇవాళ పన్నెండింటికి రిలీజ్. కొత్త భాగంలో మూడో ద్వారం దగ్గర ఒక శ్మశానం ఉంది. అక్కడి సమాధుల మీద ఎవరో కొత్తగా పదకొండు పేర్లు చెక్కారు. ఖారోస్‌కి గొంతు ఇచ్చిన నటుడు ఫేడోన్ వాటిని వారం కిందటే చూశాడు. అతను శాఖ మనిషే, కానీ పేర్లు ఎవరివో అతనికి తెలీదు. నిన్న రాత్రి వాటిని రాసి పంపాడు. ఇవాళ పొద్దున చచ్చిపోయాడు.

ఆ పదకొండు మందీ పరాయి దేశంలో రహస్యంగా పనిచేస్తున్న శాఖ ఏజెంట్లు. ఆ పేర్లు శత్రువుకి చేర్చాలంటే, ఉత్తరం పంపితే పట్టుబడుతుంది, ఫోన్ చేస్తే వినబడుతుంది. గేమ్‌ని ఇరవై లక్షల మంది ఒకేసారి దించుకుంటారు. అందులో శత్రువు ఎవడో ఏ దేవుడు చెప్పగలడు?

పోలీసుల్ని పంపమన్నాడు ఆర్గిరిస్. బూటు చప్పుడు వినబడితే లోపలున్న దొంగ మరుక్షణమే రిలీజ్ చేసేస్తాడని ఆవిడ అంది. ఎనిమిది మందికి కబురందింది, బయల్దేరిపోయారు. ముగ్గురికి సాయంత్రం దాకా అందదు.

"ఆ ముగ్గుర్లో ఒకరు నీకు తెలిసినావిడే నాయనా," అంది పోలిక్సేనీ. "మిర్సినీ."

ఆర్గిరిస్‌కి ముందు అర్థం కాలేదు. మిర్సినీ అతని చెల్లెలు. అయిదేళ్ళుగా ఆ దేశంలో పిల్లలకి సంగీతం నేర్పుతోంది. పండక్కి వచ్చినప్పుడల్లా పిల్లల అల్లరి గురించి గంటలు గంటలు చెబుతుంది. అదంతా పైపూతేనని ఇప్పుడు తెలిసింది.

"మా చెల్లెలని తెలిసే నన్ను పిలిచారా?" అన్నాడు.

"తెలిసే పిలిచాను. ధైర్యవంతులు ఇద్దరున్నారు నా దగ్గర. వాళ్ళు తలుపులు బద్దలుకొడతారు. నువ్వు చప్పుడు చెయ్యవు."

వేషం కాఫీ మోసేవాడిది. సాధనం ఒక కాఫీ కప్పు మూత. దాని అడుగున గుండీ అంత పరికరం అంటించి ఉంది. రిలీజ్ చేసే మెషిన్‌కి జానెడు దూరంలో పెడితే చాలు, మెషిన్‌కి అనుమానం పుట్టి, రిలీజ్‌కి అరనిమిషం ముందు, ఆపమంటావా అని అడుగుతుంది. అవునంటే ఒక రోజంతా తాళం పడిపోతుంది. చిక్కేమిటంటే, ఆ అవునన్నది మెషిన్ ముందు కూర్చున్న రిలీజ్ డైరెక్టరే చెప్పాలి. జవాబు రాకపోతే మెషిన్ తన పని తను చేసుకుపోతుంది.

అదృష్టంకొద్దీ రిలీజ్ డైరెక్టర్ ఇస్మినీ శాఖ మనిషే. ఎనిమిదేళ్ళ నుంచి నమ్మకస్తురాలు. కోడ్ మాట చెబితే చాలు, మిగతాది ఆవిడ చూసుకుంటుంది. ఫోన్లో చెప్పకూడదు, ఆ కంపెనీ ఫోన్లన్నీ ఎవరో వింటున్నారు.

పదకొండున్నరకి ఆర్గిరిస్ రేవులోని పాత గోదాములోకి అడుగుపెట్టాడు. లోపల మూడువందల మంది. సగం మంది దేవతల వేషాల్లో ఉన్నారు. అట్టముక్కల కత్తులు, బంగారు రంగు డాలులు, తలనిండా రబ్బరు పాములతో ఒక మెడూసా సిగరెట్టు కోసం వెతుక్కుంటోంది. వీళ్ళలో ఎవరు ఫేడోన్ కాఫీలో విషం కలిపారోనని ఒక్కొక్క ముఖమూ చూస్తూ నడిచాడు. ట్రేలోని కప్పులు టకటకలాడుతున్నాయి. ఆ చప్పుడు ఆగాలని మోచేతులు డొక్కలకి అదిమి పెట్టుకున్నాడు.

గేమ్‌ని ఆడి చూసే బల్ల దగ్గర ప్రోద్రొమోస్ అనే కవాలా ఊరి మనిషి తలకి పట్టీలాంటి హెడ్‌సెట్ కట్టుకుని దాన్ని బండబూతులు తిడుతున్నాడు. కాఫీ అందుకుని తన గోడు ఆర్గిరిస్‌కి వెళ్ళబోసుకున్నాడు. ఈ రెండో భాగంలో గొప్పంతా ఈ హెడ్‌సెట్‌దేనట. పడవెక్కుతావా అని ఖారోస్ అడిగితే మీటలు నొక్కక్కర్లేదు, తలతోనే జవాబు చెప్పాలి. హెడ్‌సెట్ తయారైంది పరాయి దేశంలో. తల పైకీ కిందికీ ఆడితే అవునని, పక్కలకి ఆడితే కాదని దానికి నేర్పారు.

"మనం కాదంటే ఏం చేస్తాం రా? కనుబొమలెత్తి, గడ్డం పైకి ఎగరేసి, త్సు అంటాం. మా నాయనమ్మ పుట్టినప్పట్నుంచీ అంతే. ఈ దరిద్రానికి తల పైకి లేస్తే చాలు, అవును అనుకుంటుంది. పొద్దున్నించి ఎక్కనంటే ఎక్కించేస్తోంది. నలభైసార్లు చచ్చాను."

బాగుచేయమని నెల కిందటే మొరపెట్టుకున్నాడట. రిలీజ్ అయ్యాక చూద్దాం, జనమే అలవాటుపడతారని ఇస్మినీ మేడమ్ కొట్టిపారేసిందట. ఆర్గిరిస్ ఊఁ కొట్టాడు. అతని చెవులు వింటున్నాయే గాని మనసు గడియారం మీద ఉంది. పదకొండూ నలభై.

ఇస్మినీ మెట్ల మీద నుంచి దిగుతుంటే కెమెరాలన్నీ అటు తిరిగాయి. పాతాళపు రాణి పెర్సెఫోనీ వేషం. దానిమ్మగింజ రంగు పట్టు గౌను, నల్లటి జుట్టులో వెండి ఆకులు. నవ్వితే ఎదుటివాడు తన పేరు మరచిపోయే రకం. ఆర్గిరిస్ ఆవిడ ముందు ట్రే పట్టుకుని నిలబడ్డాడు.

"చక్కెర ఎన్ని చెంచాలు మేడమ్?"

"చచ్చినవాళ్ళకి చక్కెర ఎందుకయ్యా?" అందావిడ, కప్పు అందుకుంటూ.

అదే కోడ్ మాట. ప్రాణం లేచివచ్చింది. ఇద్దరూ మేడమీది రిలీజ్ గదిలోకి వెళ్ళారు. చిన్న గది, ఒక మెషిన్, ఒక గాజు కిటికీ. కిటికీలోంచి కింద హాలు కనబడుతోంది. ఇస్మినీ కప్పు మెషిన్ పక్కనే పెట్టి తలుపు గడియ వేసింది. ఆర్గిరిస్ గబగబా చెప్పుకుపోయాడు. ఫేడోన్ పోయాడని, సమాధుల మీది పేర్లని, ఎనిమిది మంది బయల్దేరారని, ముగ్గురు మిగిలారని. కప్పు మూత సంగతి చెప్పబోతుండగా ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"కంగారుపడకు. మిర్సినీకి ఏమీ కాదు."

ఆర్గిరిస్ ఒకడుగు వెనక్కి వేశాడు. అతను చెల్లెలి పేరు ఎత్తలేదు. ముగ్గురన్నాడంతే.

తప్పు దొర్లిందని ఆవిడకీ తెలిసింది. పట్టు మడతల్లోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది.

"గోడకి ఆనుకో," అంది. గొంతులో కోపం కూడా లేదు. "అరిచావంటే ఇప్పుడే. అరవకపోతే పన్నెండింటికి."

పన్నెండింటికే ఎందుకో ఆవిడే చెప్పింది. రిలీజ్ అయిన క్షణాన హాల్లో దేవతల రాజు జియూస్ ఉరుము మోగుతుంది, గోదాము అదిరిపోయేలా. ఆ మోతలో పిస్తోలు చప్పుడు ఎవరికీ వినబడదు.

పదకొండూ యాభై రెండు. ఎనిమిది నిమిషాల ఆయుష్షు. ఆర్గిరిస్ గోడకి అతుక్కుని నిలబడ్డాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. సిగ్గుపడే ఓపిక కూడా లేదు. మిర్సినీ ఈ పాటికి ఏ తరగతిలోనో పియానో ముందు కూర్చుని ఉంటుంది. సాయంత్రం తలుపు తట్టింది పక్కింటివాళ్ళే అనుకుని తీస్తుంది. ఆ తలుపు తెరుచుకోవడం అతనికి మళ్ళీ మళ్ళీ కనబడుతోంది. తను చచ్చిపోవడం కన్నా అదే ఎక్కువ భయంగా ఉంది.

కింద జనం లెక్కపెట్టడం మొదలెట్టారు. ఇస్మినీ హెడ్‌సెట్ కట్టుకుంది, ఈ మెషిన్‌కీ జవాబు తలతోనే చెప్పాలి. ఒక చేతిలో పిస్తోలు, రెండో చెయ్యి మెషిన్ మీద. కళ్ళు మాత్రం ఆర్గిరిస్ మీదే ఉన్నాయి. ఇంకా అరనిమిషం ఉందనగా గదిలోని స్పీకర్ గరగరలాడింది.

"ఆపమంటావా?"

అది ఫేడోన్ గొంతు. గేమ్‌లోనైనా ఈ మెషిన్‌లోనైనా ఏ ప్రశ్న అడిగినా ఖారోస్ గొంతే అడుగుతుంది. పొద్దున బెంచీ మీద ఆవిడ విషం కలిపిచ్చిన కాఫీ తాగి చచ్చిపోయిన మనిషి, గదిలో నిలబడి అడిగినట్టే ఉంది. ఇస్మినీ ముఖంలో రక్తం లేదు. ఈ ప్రశ్న ఇప్పుడు రాకూడదు, ఎందుకొచ్చిందో ఆవిడకి తెలీదు. కానీ తేరుకుంది. కదలకుండా బిగదీసుకుని కూర్చుంది. ఇరవై సెకన్లు గడిస్తే చాలు.

ఆవిడ కదలకపోతే మిర్సినీ చచ్చిపోతుంది. ఆర్గిరిస్‌కి ప్రోద్రొమోస్ తిట్లు గుర్తొచ్చాయి. భయం ఎంత ముదిరిపోయిందంటే, నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"ఫేడోన్ అడుగుతున్నాడు మేడమ్. పాపం, ఆయనకి జవాబు చెప్పండి."

"ఆపమంటావా?" అంది గొంతు మళ్ళీ.

ఇస్మినీ ఉలిక్కిపడింది. కనుబొమలు లేచాయి, గడ్డం పైకి ఎగిరింది, నాలుక పళ్ళకి తగిలి త్సు మంది. రెండేళ్ళుగా ఆ హెడ్‌సెట్ ముందు పరాయివాళ్ళలా బుద్ధిగా తలూపడం నేర్చుకున్న మనిషి. దేశాన్ని అమ్మేసింది గాని, అమ్మ నేర్పిన మెడని మాత్రం అమ్మలేకపోయింది.

"సరే," అన్నాడు ఖారోస్.

మెషిన్ ఆగిపోయింది. తెర మీద తాళం బొమ్మ పడింది. ఇస్మినీ వెర్రిదానిలా తలని పక్కలకి ఊపింది, మీటలన్నీ నొక్కింది. కింద జనం మూడు, రెండు, ఒకటి అని అరిచి చేతులెత్తారు. ఏమీ జరగలేదు. రిలీజ్ లేకపోతే ఉరుము లేదు. మూడువందల మంది ఒక్కసారిగా నోళ్ళు మూసుకుని మేడమీది కిటికీ వైపు చూశారు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

పిస్తోలు ఇంకా ఆర్గిరిస్ గుండెకే గురిపెట్టి ఉంది.

"ఇప్పుడు కాలిస్తే అందరికీ వినబడుతుంది," అన్నాడతను. ఏడుస్తున్నాడని అతనికే తెలీదు. "అందరికీ కనబడుతుంది కూడా."

ఆవిడ కిటికీలోంచి కిందికి చూసింది. కెమెరాలన్నీ ఆవిడ మీదే ఉన్నాయి. చాలాసేపటికి, అంటే అతని లెక్కలో చాలాసేపటికి, పిస్తోలు కిందికి దిగింది. ఏమైంది మేడమ్, మళ్ళీ ఆగిపోయిందా అని అరుస్తూ ప్రోద్రొమోస్ తలుపు దబదబా బాదుతున్నాడు. ఆర్గిరిస్ గోడ పట్టుకుని నడిచి వెళ్ళి గడియ తీశాడు. తీసి, అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు.

గేమ్ మర్నాడు రిలీజ్ అయింది, సమాధుల మీద పేర్లు లేకుండా. ఒక రోజు ఆలస్యం చేసినవాణ్ణి నిజంగానే యమలోకానికి పంపాలని లోకం నలుమూలల నుంచీ ఆటగాళ్ళు కంపెనీకి రాశారు. పోలిక్సేనీ ఇస్మినీని లోపల వేయించి, ఆర్గిరిస్ చేత రహస్యం దాస్తానని కాగితం మీద సంతకం చేయించుకుని, రెండు రోజులు సెలవిచ్చింది.

ఆదివారం మిర్సినీ అతనింటికి వచ్చింది. క్షేమంగా, ఆకలిగా, ఒళ్ళంతా కోపంగా. బుగాత్స మిఠాయి పళ్ళెం ముందు పెట్టుకుని, తలుపు వేసుందో లేదో చూసి, గొంతు తగ్గించింది. తను ఒట్టి సంగీతం టీచర్ని కాదని, చేస్తున్నది గూఢచారి పని అని చెప్పింది. అన్నయ్య ఏదో బట్టల కొట్లో లెక్కలు రాస్తాడనే ఆమెకి తెలుసు. ఆర్గిరిస్ కళ్ళు పెద్దవి చేసి ఆశ్చర్యపోయాడు. ఎంతవరకు కుదిరిందో తెలీదు గాని చెల్లెలు నమ్మింది.

"అయిదేళ్ళ కష్టం అన్నయ్యా. అంతా గంగలో కలిసింది. ఎందుకో తెలుసా? మా వాళ్ళలో ఎవడో పాత కాగితాల గుమాస్తా నీడని చూసి జడుసుకుని, అందర్నీ వెనక్కి లాగించాడట. అంత పిరికివాణ్ణి శాఖలో ఎలా పెట్టుకున్నారో!"

ఆర్గిరిస్ చెల్లెల్ని తనివితీరా చూశాడు. ఆమె నములుతోంది, తిడుతోంది, చేతులు తిప్పుతోంది.

"ఎవడోగాని, చాలా పిరికివాడే అయి ఉంటాడు," అని ఒప్పుకుని, ఆమె పళ్ళెంలో ఇంకో ముక్క వేశాడు.