మంటను ఆర్పిన మోత

ఇనప పళ్లెంలో కిరోసిన్ భగభగా మండుతోంది. డాక్టర్ వేదవల్లి స్విచ్ నొక్కింది. డ్రమ్మంత స్పీకర్ బొంయ్‌మని మోగింది. మంట ఒక్కసారి వణికి, పళ్లెం మీంచి పైకి లేచి, మాయమైపోయింది. చుక్క నీరు పడలేదు.

అది 2058 వేసవి. గుంటూరు శివార్లలోని ఆ ప్రయోగశాల షెడ్డులో ఫైర్ స్టేషన్ సిబ్బంది నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. మోత ఆగాక స్టేషన్ ఆఫీసర్ తాతారావు ఇయర్ మఫ్‌లు తీశాడు.

"నీళ్లు లేకుండా ఎలా ఆరింది మేడమ్?"

"మండేది కిరోసిన్ కాదండీ, దాని మీద లేచే ఆవిరి. ఆ ఆవిరి, ఆక్సిజన్, వేడి ఒకచోట కలిస్తేనే మంట. శబ్దమంటే గాలి ముందుకీ వెనక్కీ ఊగడమే కదా! ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉంచి గట్టిగా మోగిస్తే ఆ ఊపు పెద్దదవుతుంది. దాంతో మంట ఆవిరి నుంచి విడిపోతుంది. కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. సరుకు వేడి తగ్గకముందే మిషన్ ఆపితే మళ్లీ అంటుకుంటుంది."

స్పీకర్ బోల్టులు బిగిస్తున్న టెక్నీషియన్ నసీమా లేచి ముందుకొచ్చింది. ఆరేళ్లప్పుడు వచ్చిన జ్వరంలో ఆమెకు వినికిడి పోయింది. పెదాల కదలిక చూసి మాటలు పోల్చుకుంటుంది, సైగల భాషా వచ్చు. ఫైర్ సర్వీసు ఎంపికల్లో పరుగు, తాడెక్కడం అన్నీ నెగ్గినా, వైద్య పరీక్షలో రెండుసార్లు వెనక్కి పంపేశారు.

"సార్, ఈ మిషన్‌తో పాటు నన్నూ మంటల్లోకి పంపండి."

"వినపడదు కదమ్మా! లోపల ఎవరైనా పిలిస్తే నీకెలా తెలుస్తుంది?"

"ఇది మోగుతుంటే మీకు మాత్రం వినపడుతుందా?"

తాతారావు నవ్వేశాడు.

పది రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మంటలు లేచాయి. నీళ్లు కొడితే మిగిలిన సరుకు కూడా పోతుందని వేదవల్లి స్పీకర్లతో చేసిన సౌండ్ గన్లు రెండు తెప్పించారు. వాటితో నసీమా, వేదవల్లి వచ్చారు. వ్యాను దిగకూడదని నసీమాకి తాతారావు పెట్టిన షరతు.

గన్లు మోగాయి. మంటలు బస్తాల మీంచి ఊడిపోయాయి. ఆ మోతలో వాకీటాకీలు పనికిరాలేదు. తాతారావు ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు. ఆపెయ్యమంటున్నాడనుకుని ఆపరేటర్ ఒక గన్ ఆపేశాడు. కాగి ఉన్న బస్తాలు గుప్పుమని మళ్లీ అంటుకున్నాయి.

వ్యానులోంచి ఇదంతా చూసిన నసీమా మాస్కు తగిలించుకుంది. వేదవల్లి భుజం పట్టుకుంటే విదిలించుకుని లోపలికి పరిగెత్తింది. ఆపరేటర్ ఎదుట నిలబడి రెండు పిడికిళ్లూ ఎత్తి గట్టిగా బిగించింది. మోగించు, ఆపకు! అతనికి అర్థమైంది. మంట మళ్లీ తగ్గింది.

అప్పుడు కనపడింది ఆమెకు. మూలనున్న గది ఇనప తలుపు మీంచి కారం దుమ్ము రాలుతోంది. మూడుసార్లు రాలి, కాస్త ఆగి, మళ్లీ మూడుసార్లు. గన్ మోత మధ్యలో ఆగదు. ఆగి ఆగి తలుపు కొట్టేది మనిషే.

తాతారావు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి గడియ చూపించింది. తలుపు తెరిస్తే ఇద్దరు కూలీ ఆడవాళ్లు దగ్గుతూ వాళ్ల మీద పడ్డారు. గొంతులు బొంగురుపోయేదాకా అరిచారట. ఎవరికీ వినపడలేదు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సౌండ్ గన్‌తో పనిచేసే ప్రతి ఒక్కరూ సైగల భాష నేర్చుకోవాలి. నేర్పేది నసీమా. చివర ఇంకో వాక్యం కూడా ఉంది: వినికిడి లేనందున ఆమెను అగ్నిప్రమాద స్థలాల్లోకి అనుమతించరాదు.

పరేడ్ గ్రౌండ్‌లో నలభై మంది ముందు పై అధికారి దాన్ని చదివి వినిపించాడు. నసీమా ఆయన పెదాలనే చూస్తూ చివరిదాకా ఆగింది.

"ఆ వాక్యం తీసేసేదాకా వీళ్లకి ఒక్క సైగే నేర్పుతాను," అంది. అరచెయ్యి ఎత్తి, గాలిని కోస్తున్నట్టు అడ్డంగా విసిరింది. "దీనర్థం, కుదరదు."

అధికారి మొహం ఎర్రబడింది. సిబ్బంది వైపు తిరిగాడు.

"ఆవిడ పాఠం చెబుతుంది, మీరు నేర్చుకుంటారు, లోపలికి మాత్రం మీరే వెళ్తారు. సరేనా?"

ముందు వరసలో తాతారావు చెయ్యి లేచింది. వెనకే ముప్ఫై తొమ్మిది చేతులు. అన్నీ ఒక్కసారే గాలిని అడ్డంగా కోశాయి.