కొబ్బరి చాక్లెట్లు ఎవరికి?

హాలోవీన్ సాయంత్రం అమెరికాలోని డులూత్‌లో ఒకటే వాన. వేషాలు వేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరిగే పిల్లలెవరూ గడప దిగలేదు. తెల్లారి చూస్తే కర్టిస్, మారెన్‌ల గిన్నె నిండా చాక్లెట్లు అలాగే మిగిలిపోయాయి. ఒకే ఇంటిలో చెరో వాటాలో అద్దెకుంటున్న ఆ ఇద్దరికీ వరండా ఒక్కటే, కాబట్టి గిన్నె కూడా ఒక్కటే.

మెట్ల మీద కూర్చుని పంపకాలు మొదలుపెట్టారు.

"వేరుశెనగవి నావి. జెల్లీలు మా ఆఫీసుకి. కాఫీ మెషిన్ పక్కన పెడితే చాలు, మధ్యాహ్నానికల్లా ఖాళీ," అన్నాడు కర్టిస్.

మారెన్ మాత్రం కొబ్బరి చాక్లెట్లన్నీ ఏరి ఒక సంచిలో వేసుకుంటోంది.

"నీకు కొబ్బరంటే పడదుగా?"

"పడదు. ఇష్టమైన వాళ్ళకిస్తాను."

"ఎవరికి?"

"ఉన్నాడులే ఒకడు," తలెత్తకుండానే నవ్విందామె.

ఆ ఒకడెవరో కర్టిస్‌కి తెలిసిపోయింది. ఇంకెవరు, ఎదురింటి బ్రాంట్! ఫైరింజన్ మీద పనిచేసే ఆ ఆరడుగుల మనిషి మొన్ననే మారెన్ గుమ్మం ముందు రాలిన ఆకులన్నీ ఊడ్చిపెట్టాడు. అదీ అడక్కుండానే! ఏడాదిగా పక్క వాటాలో ఉండి తను వెలగబెట్టిందేమిటి? చలి గురించి మాట్లాడటం. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"అసలు కొబ్బరి చాక్లెట్ ఎవడైనా తింటాడా? రంపపు పొట్టు నమిలినట్టుంటుంది. అది ఇష్టమన్నవాణ్ణి నేనైతే గుమ్మం తొక్కనివ్వను!"

మారెన్ చెయ్యి ఆగిపోయింది.

"పోయిన హాలోవీన్‌కి, నువ్వీ ఇంట్లో కొత్తగా దిగినప్పుడు, ఈ మెట్టు మీదే కూర్చుని గుప్పెడు తిన్నావు. కొబ్బరంటే ప్రాణమన్నావు."



"అదీ... నువ్విచ్చావని తిన్నాను."

"నీకోసమే ఈసారి ఇవి కొన్నాను మహానుభావా! మిగలాలని, పిల్లలు రాకపోతే బాగుండునని కూడా కోరుకున్నాను. పాపిష్టిదాన్ని!"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. కర్టిస్‌కి ఇక ఆగాలనిపించలేదు.

"మారెన్, నాకు కొబ్బరి ఇష్టం లేదు. నువ్వంటే ఇష్టం. ఆ రోజు నుంచే."

"ఈ ముక్క చెప్పడానికి ఏడాది పట్టిందా?" ఆమె నవ్వుతూ సంచి పట్టుకుని లేచింది. "సరే, మనిద్దరం తినం కదా, ఇవి బ్రాంట్‌కి ఇచ్చేసి వస్తాను. పాపం, ఆకులు ఊడ్చాడు."

కర్టిస్ ఒక్క ఉదుటున సంచి లాక్కున్నాడు. ఒక చాక్లెట్ విప్పి నోట్లో వేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నమిలాడు. వెంటనే రెండోది విప్పాడు.

"వాడికి ఒక్కటి కూడా ఇవ్వడానికి వీల్లేదు," అన్నాడు నోటి నిండా కొబ్బరితో.