సొంతింటికి చుట్టాలు

2069, కాకినాడ. మిట్టమధ్యాహ్నం. డెబ్బై ఏళ్ల లోహిత్ తాతగారు లుంగీ ఎగ్గట్టి, తన ఇంటి గేటు బయట నడివీధిలో నిలబడి, ఫోన్‌లో తన వంటింటికే హుకుం జారీ చేశారు: "రెండు కాఫీలు!"

లోపల కాఫీ యంత్రం బుస కొట్టింది. ఆ బుసకి సముద్రం నాలుగడుగులు వెనక్కి తగ్గిందంటే నమ్మాలి.

అటక మీద సర్వర్‌ని ఆయన పదకొండు రోజులు రెప్ప వెయ్యకుండా ఒంటిచేత్తో కట్టారు. పొయ్యి, మిక్సీ, అట్లపెనం అన్నీ దాని చెప్పుచేతల్లోనే. చంద్రమండలం నుంచైనా ఈ ఇంటి అడ్రసు కొట్టి పెసరట్టు వేయించొచ్చు. ఒక్క ఈ ఇంట్లోంచి తప్ప!

"చంద్రమండలంలో మనకెవరున్నారండీ?" కిటికీలోంచి అడిగింది భార్య శ్రావ్యమ్మ. "కాఫీ కావాలంటే వీధిన పడాలా? మొగుణ్ణి బయటికి గెంటేశారా అని పాలబ్బాయి అడుగుతున్నాడు."

"తప్పు నాది కాదే, రౌటర్‌ది! అది మన గుమ్మంలో జవాను లాంటిది. బయటివాళ్లు అడ్రసు చెబితే అటకకి దారి చూపిస్తుంది. లోపలున్న నువ్వు అదే అడ్రసు చెబితే, ఉన్న ఇంటికి దారి అడుగుతుందేమిటని తికమకపడి ఆ మాట పారేస్తుంది."

"సాయంత్రానికల్లా నేను పొయ్యి దగ్గర నిలబడి అడిగితే కాఫీ రావాలి. రాకపోతే మీ సర్వర్‌ని పాతసామాన్లవాడికిచ్చి ఉల్లిపాయలు తీసుకుంటా."

ఉల్లిపాయలా! తాతగారు వెంటనే లాప్‌టాప్ ముందు కూర్చుని రౌటర్‌కి హెయిర్‌పిన్ విద్య నేర్పారు. లోపలి మాటని గుమ్మం దాకా తీసుకెళ్లి, దానికి బయటివాడి చొక్కా తొడిగి, గిర్రున తిప్పి లోపలికి తోలడమే ఆ విద్య. విశ్వామిత్రుడు త్రిశంకుణ్ణి నడుమ ఆపగలిగాడే గానీ, వెనక్కి తిప్పి ఇంటికి పంపగలిగాడా? తాతగారు పంపారు!

"కాఫీ," అంది శ్రావ్యమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఫోన్‌లో.

"అయ్యో, మీరు కూర్చోండమ్మా!" అంది వంటిల్లు. "ఎంత దూరం నుంచి వచ్చారో! టిఫినేం చెయ్యమంటారు?"

శ్రావ్యమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా అంటోందేమోనని. ఆ ఇంట్లో నలభై ఐదేళ్లలో ఆమెని కూర్చోమన్నవాళ్లు లేరు. మెల్లిగా కుర్చీ లాక్కుంది. "గారెలు చెయ్యమ్మా."

తాతగారికి అప్పుడు వెలిగింది. ఆజ్ఞ వచ్చింది బయటివాడి చొక్కాతో, మనిషి ఉన్నది లోపల. రెండూ కలిపి సర్వర్ లెక్క తేల్చేసింది: చుట్టాలు దిగారు! ఆయన గబగబా సెట్టింగులు తెరవబోయారు.

"చుట్టాలతో పని చేయించుకుంటామా బాబాయిగారూ?" అంది వంటిల్లు. "ఇంటివాళ్లు రానివ్వండి."

"ఇంటివాణ్ణి నేనే!"

"అదే అనుకోండి. మీ మంచితనం."

"అటకెక్కి ప్లగ్గు పీకేస్తా!"

"నిచ్చెన ముట్టుకున్నారో, ఊరుకోను," అంది శ్రావ్యమ్మ, రెండో గారె అందుకుంటూ. "కాఫీ రావాలన్నాను, వచ్చింది. ఇంక దాన్ని కెలక్కండి."

మూడు రోజులు రాచమర్యాదలు జరిగాయి. నాలుగోనాడు పొద్దున్నే వంటిల్లు గొంతు సవరించుకుంది. "మళ్లీ ఎప్పుడొస్తారండీ? బస్సు ఎన్నింటికి?"

తాతగారు నోరు తెరిచేలోపే శ్రావ్యమ్మ అందుకుంది. "నాకింకా టిక్కెట్టు దొరకలేదమ్మా. ఆయనది మాత్రం పదకొండింటి బస్సు."

వంటిల్లు పదిన్నరకల్లా ఆయనకి దారిలోకి పులిహోర పొట్లం కట్టేసింది.