ఇరవయ్యో ఫైలు

"ఆనకట్ట తలుపులు ఇవాళ పన్నెండింటికి తెరుస్తారట. కింద ఊళ్లో నలభై వేలమంది ఉన్నారు. చేసేది లోపలి మనిషే. ఎవరు?" ఫోన్‌లో కర్నల్ చకరోవ్ గొంతు.

"కమేలియా," అన్నాడు యావోర్ ఠక్కున.

"ఆవిడంటే నీకు కుళ్లని డిపార్ట్‌మెంటంతా తెలుసు కదయ్యా. సాక్ష్యం ఉంటే చెప్పు. లేకపోతే నోరు మూసుకో."

కుళ్లు నిజమే. రెండేళ్లుగా ఏజెంట్ యావోర్ టెక్నీషియన్ వేషంలో ఈ కంట్రోల్ రూమ్‌లో ఉంటున్నాడు. తలుపుల సెట్టింగులు ఇరవై ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉండేవి. ఒక్క అంకె మారాలంటే అన్నిచోట్లా చేత్తో మార్చాలి, ఆ విద్య అతనొక్కడికే వచ్చు. అందరూ అతని చుట్టూనే తిరిగేవారు. ఆర్నెల్ల కిందట కమేలియా వచ్చి, ఒక్కచోట మారిస్తే అన్ని ఫైళ్లూ మారిపోయే టూల్ తయారుచేసింది. ఆ రోజునుంచీ యావోర్ కూరలో కరివేపాకు.

ఇవాళ పూలపేర్లు, చెట్లపేర్లు ఉన్నవాళ్ల పేరు పండుగ; ఆ పేర్లవాళ్లు అందరికీ మిఠాయి పంచాలి. కమేలియా అంటే పువ్వు, యావోర్ అంటే చెట్టు. ఇద్దరూ చాక్లెట్లు తెచ్చారు. ఆమె పెట్టె పదింటికే ఖాళీ అయింది. అతని పెట్టె మూత తీసినవాడు లేడు.

పదకొండూ యాభై ఏడు. కమేలియా ఫోన్ మోగింది.

"పూలు చేరతాయి, పన్నెండింటికి," అందామె మెల్లగా. లిప్‌స్టిక్ అడుగు తిప్పింది. మెమరీ స్టిక్ బయటికొచ్చింది. దాన్ని మెషిన్‌కు గుచ్చింది.

యావోర్ బల్లకింద అలారం నొక్కాడు.

"చూశావా? చూడు," నవ్విందామె. "పంతొమ్మిది ఫైళ్లూ మారిపోయాయి, టూల్‌కి తాళం పడింది. ఇప్పుడు ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకుంటావా, తాతగారూ?"

"ఒక్కటి చాలు."

టూల్ కోసం ఫైళ్ల లిస్టు అడిగినప్పుడు అతను ఆమెకు పంతొమ్మిదే ఇచ్చాడు. మెషిన్ ఆఖర్న చదివేది ఇరవయ్యోది. దాని మాటే చెల్లుతుంది. అందులో 'తలుపులు మూసే ఉంచు' అన్న వరుస ముందు అప్పుడే # గుర్తు పెట్టి, మెషిన్ దాన్ని వదిలేసేలా చేశాడు. రేపు మంత్రిగారి ముందు ఆమె తలుపులు తెరిచి చూపించేటప్పుడు ఆ గుర్తు తీసేసి పరువు తీయాలని ఆర్నెల్లుగా కాచుకున్నాడు.

పదకొండూ యాభై తొమ్మిది, యాభై ఎనిమిది సెకన్లు. గుర్తు చెరిపి సేవ్ నొక్కాడు.

పన్నెండు. మోటార్లు ఒకసారి గుర్రుమని ఆగిపోయాయి. తలుపులు కదల్లేదు.

"ఇంకో ఫైలుందా? ఎందుకు దాచావ్?" కమేలియా మొహం పాలిపోయింది. గార్డులు ఆమె చేతులు పట్టుకున్నారు.

అరగంటలో చకరోవ్ వచ్చి అదే అడిగాడు.

"కుళ్లుతో సార్," అన్నాడు యావోర్ తలొంచుకుని. "ఉద్యోగం తీసేస్తారా?"

చకరోవ్ కిటికీలోంచి కింద ఊరి ఇళ్ల కప్పులు చూశాడు. "రిపోర్టులో ముందుజాగ్రత్త అని రాయి. ఆ టూల్ మాత్రం ఉంచండి, భలేగా ఉంది."

యావోర్ పళ్లు కొరుక్కుంటూ తన చాక్లెట్ పెట్టె మూత తీసి ముందుకు జరిపాడు.

చకరోవ్ దానికేసి చూసి, పక్కబల్ల మీది ఖాళీ పెట్టెకేసి చూశాడు.

"ఆవిడ తెచ్చినవి ఒక్కటీ మిగల్లేదా?"